కదలని కారులో అత్త గొంతు

ముందే చెప్పి పెడుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. అబద్ధాలాడతానని కాదు, ఉన్నదాన్నే కాస్త ఊది, పొంగించి, జంతికలో నాలుగు చుట్లు ఎక్కువ వేసి వడ్డిస్తాను. కనుక నేను పులి అంటే మీరు పిల్లి అనుకోండి, కుంభవృష్టి అంటే తుంపర అనుకోండి, నాంపల్లి మొత్తం వచ్చి మా వాకిట్లో నిలబడిందంటే పక్కవాటావాళ్లు గోడ మీంచి తొంగిచూశారని లెక్క కట్టుకోండి. ఇలా తరుగు తీసుకుంటూ చదివితే మీకూ నాకూ పేచీ ఉండదు. ఒక్కచోట మాత్రం ఊదడం కాదు, ఏకంగా పుట్టించాను. అదెక్కడో చివర నేనే చెప్పేస్తాను, మీరు వెతుక్కుంటూ శ్రమపడకండి.

మొన్న మా అపార్టుమెంటు సెల్లారులో, ఎవరిదో తెలియకుండా పట్టా కప్పుకుని పడివున్న ఒక ముసలి కారును పాత సామాన్లవాళ్లు తీసుకుపోవడానికి వచ్చి తలుపు తెరిచారు. తెరవగానే లోపల్నుంచి ఒక వాసన బయటికొచ్చింది. ఎండకు ఉడికి చల్లారి మళ్లీ ఉడికిన రెక్జిన్, సీటు చిరుగులోంచి కనిపించే కొబ్బరిపీచు, ఎప్పుడో ఒలికిన పెట్రోలు, బాటరీ ఆసిడ్‌లో ఉండే ఒకరకం పులుపు, తుప్పు, ధూళి, వీటన్నిటినీ కలిపి మూకుట్లో సన్నసెగన వేయించినట్టుండే వాసన అది. చేతిలో కూరల సంచీతో అక్కడే నిలబడిపోయాను. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "కళ్లు తిరుగుతున్నాయా సార్?" అని అడిగాడు. కళ్లకేమీ కాలేదు. నేను నాలుగో తరగతి కుర్రాణ్నయి ఆ కారు వెనక సీట్లో నడుమ కూర్చున్నాను, అతనికి కనిపించలేదంతే.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు, ఫైళ్ల కట్టలతో పాటు గుమాస్తా అయిన మా నాన్న కూడా లారీ ఎక్కి వచ్చాడట. మాది గుంటూరు వైపు. నాంపల్లి స్టేషను వెనక సందులో యాదగిరి మామ ఇంట్లో ఒక వాటా కిరాయికి తీసుకుని, నాన్న తన తల్లిదండ్రుల్నీ చెల్లెల్నీ కూడా రప్పించుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆ సందే ప్రపంచం. పొద్దున్నే స్టేషనులోంచి బొగ్గుపొగ వచ్చి పెరట్లో ఆరేసిన బట్టల్ని పలకరించి పోయేది. గాలి మళ్లితే ఆబిడ్స్ వైపు బేకరీల్లో కాలుతున్న బిస్కెట్ల వాసన నెయ్యి పూసుకున్న పెళ్లికొడుకులా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చేది. వానలు వెనకబట్టి దసరా దాటితే స్టేషను ముందు సీతాఫలాల గంపలు దిగేవి. ఒక్కో పండు నా తలకాయంత, ఒక్కో గింజ గోలీకాయంత. ఆ నల్లటి గింజల్తో మేం గోలీలు ఆడేవాళ్లం. వాటిని మేం గోలీలంటే యాదగిరి మామ పిల్లలు గోటీలనేవాళ్లు, పేరు దగ్గర తగువు పడి ఆట సగంలో ఆగిపోయేది, ఆ సందులో చీకటి పడేసరికి మళ్లీ కలిసిపోయేవాళ్లం. వాళ్లింటి నుంచి బతుకమ్మ రోజున రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు వచ్చేవి. మా ఇంటి నుంచి అదే పళ్లెంలో చెగోడీలు వెళ్లేవి. ఆ పళ్లెం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

మా వాకిట్లో సీతాఫలం చెట్టు కింద ఒక నల్లటి కారు ఉండేది. గుమాస్తాకు కారేమిటని మీరు అడుగుతారని తెలుసు. నాన్న కొన్నది కారు కాదు, రేడియో. ఢిల్లీకి బదిలీ అయిపోతున్న ఒక ఆఫీసరుగారు తన పాత కారును ఇనుము ధరకు వదిలించుకుంటుంటే, అందులో పాడుతున్న రేడియోను చూసి నాన్న మనసు పారేసుకున్నాడు. రేడియోకు కారు అతుక్కుని ఉంది గనుక దాన్ని కూడా తెచ్చుకోవలసి వచ్చింది. ఇంజను అప్పటికే కన్నుమూసింది. సందులో పిల్లలంతా తోస్తుంటే, నాన్న స్టీరింగు పట్టుకుని, రేడియోలో షెహనాయి మోగుతుండగా ఆ కారు మా వాకిట్లోకి గృహప్రవేశం చేసింది. చేసింది చేసినట్టు చెట్టు కింద కూలబడి, మళ్లీ అంగుళం కదల్లేదు.

కదలకపోతేనేం, మేం రోజూ అందులో ప్రయాణం చేసేవాళ్లం. సాయంత్రం కాగానే నాన్న స్టీరింగు ముందు, ఆయన పక్కన మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, వెనక సీట్లో అమ్మ, అత్త, వాళ్లిద్దరి నడుమ నేను. రేడియో వెంటనే పలికేది కాదు. దాని కడుపులో దీపాలు వేడెక్కాలి. ముందు గాజుపలక వెనక పచ్చగా వెలుగొచ్చేది, ఆ వెలుగు మామ్మ ముక్కుపుడక మీద పడి అక్కణ్నుంచి నా కళ్లలోకి దూకేది, తర్వాత ఎక్కడో దూరాన ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక గరగర, ఆ గరగరలోంచి మెల్లగా ఒక వీణ. అదే సమయానికి గోడవతల స్టేషనులో రైలు డబ్బాలు మార్చే ఇంజను కదిలేది. తలుపు సందులోంచి చూస్తే అవతల డబ్బాలు ముందుకు పోతూ, మా కారు వెనక్కి పోతున్నట్టుండేది. నాకు నిద్ర ముంచుకొచ్చేది. వీణ ముందుకూ, కారు వెనక్కీ, నేను అమ్మ ఒళ్లోకీ జారుకుంటూ, ఏ ఊరూ రాకుండానే ఎన్ని ఊళ్లు దాటానో. "కాకినాడ వచ్చిందా?" అని నిద్రలో అడిగేవాణ్నట. "వచ్చి వెళ్లిపోయింది, పడుకో" అనేది అమ్మ.

తాతయ్యకు చెవుడు. అందుచేత రేడియో సంగతుల్లో ఆయనకు పాత్ర లేదు. వరండాలో పడకకుర్చీలో వాలి, కారులో మా ముఖాలు చూస్తూ, మేం ఏం వింటున్నామో తనే ఊహించుకుని మాకంటే ముందు నవ్వేవాడు. యాదగిరి మామ మాత్రం రోజూ వచ్చేవాడు. ఆబిడ్స్‌లో ఆయనకు గొడుగుల దుకాణం. ఇంటి ఓనరైనా లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు, కారు మెట్టు మీద ఒక కాలు పెట్టి, బయటే నిలబడి వినేవాడు. "లోపల కూసుంటే నిద్రొస్తది సారూ, గీడ నిలవడితే పాట నెత్తికెక్కుతది" అనేవాడు.

ఇక అసలు సంగతి. మా అత్త పేరు అన్నపూర్ణ. అప్పుడే కాలేజీ చదువు ముగించింది. ఎవరి గొంతైనా ఇట్టే పట్టేసేది. కూరలవాడి కేక, రిక్షావాడి దగ్గు, మా హెడ్మాస్టరు ముక్కుతో నవ్వే నవ్వు, ఏదైనా సరే. ఆ విద్య ఎలాగో రేడియో స్టేషనువాళ్ల చెవిన పడి, ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చే నాటకంలో వేషం ఇచ్చారు. పెద్ద వేషమేమీ కాదు. కోడల్ని సాధించే ఒక అత్తగారు, అరగంటలో ఓ నాలుగుసార్లు గొంతు వినిపిస్తుంది. కానీ మా ఇంట్లో అది సముద్రం దాటడమంత పని. ఆడపిల్ల గొంతు గేటు దాటకూడదని మామ్మ సిద్ధాంతం. నాన్న బతిమాలాడు, అమ్మ బతిమాలింది, అత్త అన్నం మానేసింది, తాతయ్య ఏమీ వినపడకపోయినా అందరి వైపూ తల ఊపాడు. చివరికి మామ్మ ఒక మెట్టు దిగింది.

"సరే, ఒక్కసారికి ఒప్పుకుంటా. నేను నా చెవుల్తో వింటా. విన్నాక నాకు బాగుంటే సరే. తల దించుకునేట్టుంటే అదే మొదలు, అదే ఆఖరు. ఇక ఆ ఊసు ఎత్తకూడదు."

"వినపడకపోతే?" అని నేను అడిగాను. అమ్మ నా తొడ గిల్లింది.

"వినపడందానికి ఒప్పుకోమంటే ఎలా ఒప్పుకుంటాన్రా!" అంది మామ్మ.

ఆ తీర్పు అలా ఉండగా లోపల్లోపల ఇంకో గుబులు. అత్త ఆ అత్తగారి వేషానికి గొంతు ఎక్కణ్నుంచి తెచ్చుకుందో మామ్మకు తప్ప మా అందరికీ తెలుసు. స్నానాల గదిలో గంగాళం పక్కన నిలబడి, నీళ్లు పోసుకునే చప్పుడు చేస్తూ, అచ్చం మామ్మలా దీర్ఘాలు తీసి, మామ్మలా ముక్కు చీది, మామ్మలా నిట్టూర్చి సాధన చేసేది. మామ్మ పెరట్లో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లేరుకుంటూ, ఈ లోకంలో లేనట్టు ఉండేది. ఆమెకు అక్కడికి వినపడదనే మా ధీమా.

నాటకానికి మూడు రోజుల ముందు రేడియో మూగబోయింది. గాజుపలక వెలుగుతోంది, గరగర లేదు, వీణ లేదు, ఎవరో పరుపు కింద పడుకుని గొణుగుతున్నట్టు ఏదో ఉంది. నాన్న బోనెట్టు ఎత్తి చూశాడు. కారు ముందు రెక్క మీద నిలబడే ఏరియల్ కడ్డీ నుంచి, ఇంజను పక్కగా, రేకు గోడలో బెజ్జం గుండా, లోపల రేడియో దాకా వెళ్లే నల్లటి తీగెను ఒక పందికొక్కు నడిమికి కొరికేసింది. ఆ పందికొక్కును నేను కళ్లారా చూశాను. దూడంత ఉంది. మూతికి ఇంకా రాగిపోగులు అంటుకుని ఉన్నాయి. మమ్మల్ని చూసి పారిపోలేదు, మేమే తప్పుకుని దారిచ్చాం.

అత్త ముఖం చూడాలి అప్పుడు. పసుపురంగు గోడ మీద సున్నం వేసినట్టు తెల్లబడింది. పక్కింట్లో రేడియో ఉంటే అక్కడికెళ్లి వినొచ్చు గదా అంటారేమో. కూతురి గొంతు వినడానికి పరాయివాళ్ల గడప తొక్కనంది మామ్మ. మూలమీది ఇరానీ హోటల్లో పెద్ద రేడియో ఉంది, కానీ మడికట్టుకున్న మామ్మ అక్కడ పాలరాతి బల్ల ముందు కూర్చుని చాయ్ చల్లారుతుండగా నాటకం వినడం, తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముచ్చటగానే ఉంటుంది గానీ, జరిగే పనేనా! మెకానిక్కును పిలిస్తే, కదలని కారుకు ఏరియల్ ఎందుకని నవ్వి వెళ్లిపోయాడు. "వీళ్లెవరూ అక్కర్లేదు, తీగె నేనే మారుస్తాను" అన్నాడు నాన్న. ఆఫీసులో గుండుసూదులు తప్ప ఏ ఇనప వస్తువూ ముట్టి ఎరగని మనిషి.

నాన్న, నేను ఆబిడ్స్‌కు నడిచివెళ్లాం. ఆ నడక ఒక పండగ. పెద్ద పోస్టాఫీసు ముందు ఎర్ర డబ్బాలు, అద్దాల వెనక టై కట్టుకుని నిలబడిన బొమ్మలు, వాటి కాళ్ల దగ్గర నిజం చెప్పులు విడిచి నిద్రపోతున్న మనుషులు, సినిమాహాలు ముందు కాగితం పొట్లాల్లో మిర్చీలు, ఎండ పడిన చోట బంగారంలా, నీడ పడిన చోట ఖర్జూరంలా ఉండే వీధి. రేడియోల షాపు సేటు "కిత్తా హోనా సాబ్?" అని అడిగితే, నాన్నకు హిందీలో కొలతలు రాక చెయ్యి చాచి మూరలు చూపించాడు. సేటు కూడా ఏమీ అనుకోకుండా, మొజంజాహి మార్కెట్లో మల్లెదండ కొలిచినట్టే తన మోచేతితో కొలిచి ఇచ్చాడు. ఇంటికొచ్చేదాకా ఆ తీగెను నేను మెళ్లో వేసుకుని నడిచాను. ఊరు ఊరంతా ఆగి చూసింది. (తరుగు తీసుకోండి.)

మర్నాటి నుంచి నాన్న తలను మేం చూడలేదు. డాష్‌బోర్డు కిందకి వెల్లకిలా దూరి, తలుపులోంచి రెండు కాళ్లు మాత్రం బయటికి పెట్టి ఉండేవాడు. అమ్మ కాఫీ తెచ్చి ఆ కాళ్లతోనే మాట్లాడి వెళ్లేది. కొత్త తీగె కొసను పాత తీగె తోకకు కట్టి అవతల్నుంచి లాగితే అదే వచ్చేస్తుందని యాదగిరి మామ సలహా. లాగితే పాత తీగె తోక ఒక్కటే వచ్చింది, కొత్తది రేకు గోడ లోపలే ఎక్కడో మొరాయించింది.

"ఏంది సారూ, గట్ల గుంజితే ఎట్లొస్తది? జర పక్కకు జరుగున్రి, నేను జూస్త."

"మీరు జూస్తే గొడుగు వస్తుంది, తీగె రాదు" అన్నాయి నాన్న కాళ్లు.

అమ్మ వచ్చి లంగాలోకి బొందు ఎక్కించేటప్పుడు ఏం చేస్తామో అదే చెయ్యమంది. యాదగిరి మామ దుకాణానికి వెళ్లి గొడుగు ఊచ ఒకటి పట్టుకొచ్చాడు. తీగె కొసను ఊచకు దారంతో కట్టి, అమ్మ ఇవతల్నుంచి బొందు ఎక్కించినట్టే నెమ్మదిగా నెట్టుకుంటూ పోతే, అది రేకు గోడ బెజ్జం దాటి, డాష్‌బోర్డు కింద నాన్న మీసంలో గుచ్చుకుంది. నాన్న అరిచిన అరుపుకు స్టేషనులో బండి బయల్దేరిపోయింది.

ఆ తీగెను నాన్న చాకుతో గీకి మా అందరికీ చూపించాడు. నట్టనడుమ వెంట్రుకంత సన్నటి తీగె. దాని చుట్టూ తెల్లటి తొడుగు. ఆ తొడుగు మీద జడ అల్లినట్టు రాగిపోగుల అల్లిక. దానిపైన నల్లటి తోలు. "పాటంతా ఈ నడిమి తీగెలోంచే వస్తుంది. చుట్టూ ఉన్న అల్లిక దానికి కాపలా. ఒకే తొడుగులో ఉండాలి గానీ, ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పాట మైలపడిపోతుంది" అన్నాడు, మామ్మకు అర్థం కావాలని.

మామ్మ వంగి శ్రద్ధగా చూసింది. "అంటే అది మడి కట్టుకుందన్నమాట."

"అంతేనమ్మా."

"మరి మీరంతా ఆ మైల చేతుల్తోనే దాన్ని అటూ ఇటూ పీకుతున్నారేవిట్రా?"

నాన్న చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. యాదగిరి మామ చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజు నుంచి ఆ తీగె అంటే మామ్మకు ఒక గౌరవం.

మామ్మ సంగతి మీకు చెప్పాలి. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా దానికి పసుపు రాసి బొట్టు పెట్టందే వాడనిచ్చేది కాదు. కొత్త చేట, కొత్త గొడుగు, నా కొత్త పలక, అన్నీ పచ్చగానే మా చేతికొచ్చేవి. ఆ దసరాకు ఆయుధపూజ నాడు కత్తిపీటకూ, నాన్న కలానికీ, కారుకూ బొట్లు పెట్టింది. కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి కదా, కదలని కారుతో ఎలా తొక్కిస్తారు? మామ్మ ఆలోచించి, నిమ్మకాయల్నే పట్టుకెళ్లి చక్రాలకేసి గట్టిగా అదిమి చితక్కొట్టింది. కారు అక్కణ్నుంచి చక్కగా ఎక్కడికో వెళ్లినట్టు ఆమె ముఖంలో తృప్తి.

ఆదివారం వచ్చింది. అత్త పొద్దున్నే తల అంటుకుని, ఎవరి వంకా చూడకుండా, రిక్షా ఎక్కి రేడియో స్టేషనుకు వెళ్లిపోయింది. వెళ్లేముందు మామ్మ కాళ్లకు దండం పెడితే మామ్మ "ఊఁ" అంది, అంతే. గొడుగు ఊచను పొయ్యిలో ఎర్రగా కాల్చి, తీగె కొసను ఏరియల్ కడ్డీకి అతికించారు. ఇవతలి కొసకు రేడియోలో దూరే ఇత్తడి ముక్కు బిగించారు. అయితే ఆ ముక్కును దూర్చి పరీక్షించే వీల్లేకపోయింది. కారు బాటరీ చార్జింగు షాపులో ఉండిపోయింది. ఇంజను లేని కారు గనక మా బాటరీ వారం వారం రిక్షాలో ఊరేగింపుగా షాపుకు వెళ్లి, బలం పుంజుకుని రావలసిందే. అది వచ్చేసరికి మా భోజనాల వేళయింది. ఇత్తడి ముక్కు డాష్‌బోర్డు కింద వేలాడుతూ ఉంది. మేం అన్నాలు తింటున్నాం. మామ్మ తడిబట్టతో పూజ ముగించుకుని, హారతి పళ్లెం పట్టుకుని తులసికోట వైపు వెళ్లింది.

వేళకు అందరం ఎక్కాం. మామ్మ ముందు సీట్లో, చేతులు ఒళ్లో పెట్టుకుని, న్యాయస్థానంలా కూర్చుంది. నాన్న వెల్లకిలా దూరి తడుముకుని ఇత్తడి ముక్కును రేడియోలో దూర్చి, పైకొచ్చి మీట తిప్పాడు. గాజుపలక పచ్చగా వెలిగింది. మేం ఊపిరి బిగబట్టాం. సీతాఫలం చెట్టు కూడా బిగబట్టింది.

గుర్రు. గుర్రు వెనక ఇంకో గుర్రు. ఎవరో నూతి అడుగున కూర్చుని నూతితోనే మాట్లాడుకుంటున్నట్టు ఒక సద్దు.

నాన్న ముల్లును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. యాదగిరి మామ బోనెట్టులో తల పెట్టి "తీగె ఉల్టా పెట్టిన్రు సారూ" అన్నాడు. "తీగెకు ఉల్టా సీదా ఏమిటయ్యా!" అన్నాడు నాన్న. యాదగిరి మామ వెళ్లి ఏరియల్ కడ్డీని రెండు చేతుల్తో పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడేమొస్తున్నది?"

"గుర్రు వస్తోంది!"

"గది నాదే కావొచ్చు సారూ, పొద్దుగాల్నించి నిద్ర లేదు."

ఎవరూ నవ్వలేదు. అవతల ఎక్కడో, మాకు వినపడకుండా, అత్త మాట్లాడుతోంది. ఆమె నోరు తెరిచి అంటున్న మాటలన్నీ మా ఇంటి మీదుగా, చెట్టు మీదుగా, ఈ కారు కప్పు మీదుగా వెళ్లిపోతున్నాయి, ఒక్కటీ కిందికి దిగడం లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ్మ కదల్లేదు. "వినపడలేదు గనక ఒప్పుకోను" అని ఇప్పుడంటుందో ఇంకాసేపటికంటుందో అని నేను ఆమె వీపు వంకే చూస్తున్నాను.

చివరికి నాన్న మళ్లీ కిందకి దూరి, ఇత్తడి ముక్కును ఊడబెరికి, వెలుగులోకి తెచ్చాడు.

ముక్కు నిండా పసుపు. గట్టిగా తడిపి పూసి, చక్కగా ఆరి, గచ్చులా బిగుసుకుపోయిన పసుపు. దాని కొసన, సరిగ్గా రేడియోను తాకవలసిన చోట, గుండ్రంగా, చెదరకుండా, ఒక కుంకుమబొట్టు.

అందరం ఆ బొట్టు వంక చూశాం. ఎవరమూ మామ్మ వంక చూడలేదు. మడి కట్టుకున్న తీగెకు మడి కట్టుకున్న మనిషే బొట్టు పెట్టాలనుకుందో ఏమో, మేం అన్నాలు తింటుండగా, ఆ ముసలి నడుం వంచి, కారులో తల దూర్చి, వేలాడుతున్న ఆ ముక్కును వెతికి పట్టుకుని, పని సవ్యంగా జరగాలని మొక్కుకుంది. కూతురి గొంతు గేటు దాటకూడదన్న మనిషి. మామ్మ స్టీరింగు వంక చూస్తూ, "ఊరికే చూస్తారేవిట్రా, తుడవండి" అంది. 

అమ్మ కొంగు తీసి, కిరసనాయిల్లో ముంచి, తుడిచింది. నాన్న దూర్చాడు. అప్పుడు పచ్చటి వెలుగు వెనకనుంచి, తెర తీసినట్టు, అత్త గొంతు. అత్త గొంతు కాదు, మామ్మ గొంతే, దీర్ఘాలతో, నిట్టూర్పుతో, వాకిలంతా నిండిపోయింది. గోడవతల ఇంజను కదిలింది, డబ్బాలు ముందుకు పోయాయి, మా కారు తేలినట్టు వెనక్కి కదిలింది, మామ్మ తన గొంతును తనే వింటూ నోరు తెరిచి చూసి, ఒక్కసారి పగలబడి నవ్వింది. వరండాలో తాతయ్య మాకంటే ముందే నవ్వుతున్నాడు.

అత్త ఆ తర్వాత ఎన్నో ఏళ్లు రేడియోలో నటించింది. రాణులుగా, దాసీలుగా, ఒకసారి ఏకంగా గోదావరి నదిగా కూడా.

ఇప్పుడా సందులో మా వాకిలి లేదు, చెట్టు లేదు, అక్కడ అద్దాల ముఖంతో ఒక లాడ్జి నిలబడి ఉంది. స్టేషనులో బొగ్గుపొగ పోయి చాలా కాలమైంది. సీతాఫలాలు ఇప్పటికీ దిగుతాయి, ఎందుకో చిన్నవైపోయాయి. కార్లు లెక్కలేనన్ని. వాటిలో పాటలు కూడా లెక్కలేనన్ని, అడిగిన పాట అడిగిన క్షణంలో పలుకుతుంది. పచ్చటి వెలుగు ముందు కూర్చుని దీపాలు వేడెక్కేదాకా కాచుకునే ఆ కాస్త సేపు మాత్రం ఎక్కడా దొరకడం లేదు. కారు ఎక్కినవాళ్లంతా ఎక్కడికో వెళ్లిపోతున్నారు. ఎక్కడికీ వెళ్లకుండా, మోకాళ్లు తగులుకుంటూ, అందరూ ఒకే గొంతు వింటూ కూర్చున్న కారు మళ్లీ నాకు కనిపించలేదు.

ఇక మాటిచ్చిన ప్రకారం, నేను పుట్టించిన ముక్క. పందికొక్కు కాదు, అది నిజంగానే పెద్దది. పసుపు కాదు, కుంకుమబొట్టు అసలే కాదు. తుడిచాక అత్త గొంతు వినిపించిందన్నానే, అది. అమ్మ తుడిచి, నాన్న దూర్చి, మీట తిప్పేసరికి నాటకం అయిపోయింది. వాకిలంతా స్పష్టంగా నిండిపోయినవి బెల్లం, వేరుశనగ, కందుల బజారు ధరలు. మామ్మ ఆ ధరలన్నీ చివరిదాకా, చేతులు ఒళ్లో పెట్టుకుని వింది. తర్వాత దిగి పెరట్లోకి వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ ఈ కథ చెప్పిన ప్రతిసారీ అక్కడ నాకు నోరాడక, అత్త గొంతు వినిపించేస్తూ వచ్చాను.

సాయంత్రం అత్త రిక్షా దిగింది. లోపలికి రాకుండా పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్న గోళ్లలో ఇంకా పసుపు ఉంది. మేమెవరం తలెత్తలేదు.

"విన్నావా అమ్మా?" అంది అత్త.

మామ్మ చేటలోంచి ఒక రాయి ఏరి, దూరంగా విసిరి, తల ఎత్తకుండానే అంది.

"వినకేం? 'మా వాడు చిక్కిపోయాడంటే నీ చేతి చారే కారణం' అన్నావు చూడు, అక్కడ అంత మెత్తగా అంటే ఏ కోడలు లెక్కచేస్తుందే? నేనెప్పుడైనా అలా అన్నానా? మళ్లీసారి కాస్త గట్టిగా అను."